సౌండ్ అంటే చప్పుడొక్కటేనా? – పాఠకుల ప్రశ్నలకి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లోనూ వాట్సాప్‌లో పంపినవాటిల్లోనూ సగానికి పైగా సౌండ్ అనే మాట చుట్టూనే తిరిగాయి. కిందటి సంచికలో ఒకాయన సౌండ్ స్లీప్ అంటే గురక పెట్టి నిద్రపోవటమా అని అడిగితే, కాదండీ గాఢనిద్ర అని రెండు ముక్కల్లో జవాబిచ్చాం. అంతే, మరి నిద్రకీ చప్పుడుకీ ఏంది సంబంధం అని నెల్లూరు నించి ఒంగోలు దాకా అందరూ అడగటం మొదలుపెట్టారు. అడగాల్సిన ప్రశ్నే అది, అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాం.

ప్రశ్న: సార్, మా అమ్మాయి బ్యాంకు పరీక్షలకి కోచింగ్ తీసుకుంటా ఉండాది. సినానిమ్స్ పుస్తకంలో సౌండ్ అనే మాటకి ఎదురుగా నాయిస్, టోన్ అని రాసి, ఆ పక్కనే హెల్దీ, రిలయబుల్, డీప్, స్ట్రెయిట్ అని కూడా రాసుండారు. ఒకదానికొకటి పొంతనే లేదు. పిల్ల అన్నిటినీ కలిపి బట్టీ పడతా ఉంటే నాకే భయమేస్తా ఉండాది. పట్టనీమంటారా? – ఓ తల్లి, వేదాయపాళెం, నెల్లూరు

జవాబు: బట్టీ పట్టనీబాకండమ్మా. ఆ పుస్తకం రాసినాయన తప్పు రాయలేదు గానీ ఎందుకట్టా ఉందో చెప్పకుండా అన్నీ ఒకే వరసలో కూరేశాడు. అసలు సంగతేందంటే సౌండ్ అనేది ఒక మాట కాదు, స్పెల్లింగు ఒకటే అయిన నాలుగు వేరే వేరే మాటలు. నాలుగూ వేరే వేరే దారుల్లో నడిచొచ్చి, ఇంగ్లీషులో ఒకే రూపంలో స్థిరపడిపోయినయ్యి.

మొదటిది మనందరికీ తెలిసిన చప్పుడు. ఇది లాటిన్ సోనుస్ నించి ఫ్రెంచి మీదుగా వచ్చింది. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో దీనికి చివర డకారమే లేదు, సూన్ అనేవాళ్ళు, ఆ డ తర్వాతి కాలంలో తోకలాగా వచ్చి అతుక్కుంది. థండర్ అనే మాటకీ ఇట్టానే జరిగింది, పాత ఇంగ్లీషులో మధ్యలో డ లేదు, జర్మన్ వాళ్ళు ఇప్పటికీ ఉరుముని డోనర్ అనే అంటారు. నోరు తిరగటం కోసం జనం కలుపుకున్న అక్షరాలు ఇవి.

రెండోది ఆరోగ్యం. దీనికీ చప్పుడుకీ చుట్టరికమే లేదు. పాత ఇంగ్లీషులో గెసుండ్ అనే మాట ఉండేది, జర్మన్‌లో ఇవాళ్టికీ ఆరోగ్యంగా ఉండటాన్ని గెజుండ్ అనే అంటారు, పక్కనోళ్ళు తుమ్మితే మనం చిరంజీవ అన్నట్టు వాళ్ళు గెజుంట్‌హైట్ అంటారు. ఇంగ్లీషులో ముందు గె పోయింది, మిగిలింది సౌండ్. పగులూ బీటా లేకుండా గట్టిగా, నిండుగా ఉండటం దీని అసలు అర్థం. సౌండ్ స్లీప్ అంటే కలత లేని నిండు నిద్ర, సౌండ్ అడ్వైస్ అంటే నమ్మి నడవదగ్గ సలహా, సౌండ్ నాలెడ్జ్ అంటే గట్టి పునాది ఉన్న చదువు, సేఫ్ అండ్ సౌండ్ అంటే ఏ దెబ్బా తగలకుండా క్షేమంగా, సౌండ్ బీటింగ్ అంటే ఒళ్ళు హూనమయ్యేలా కొట్టటం. బ్యాట్స్‌మన్‌కి సౌండ్ టెక్నిక్ ఉంది అని కామెంటరీలో వింటుంటాం, బ్యాట్ చప్పుడు గురించి కాదు అది. మనోళ్ళు డబ్బున్నాయన్ని సౌండ్ పార్టీ అంటారు గదా, అది కూడా ఈ కుటుంబంలోదే, ఫైనాన్షియల్లీ సౌండ్ అనే మాటలో ఉండే సౌండే అది.

మూడోది నీళ్ళది, రెండు పెద్ద నీటి భాగాల్ని కలిపే సన్నపాటి సముద్రపు పాయ. మీ అమ్మాయి పుస్తకంలో స్ట్రెయిట్ అని ఉంది చూడండి, అది నేరుగా అనే స్ట్రెయిట్ కాదు, జలసంధి అనే స్ట్రెయిట్, స్పెల్లింగులో జి హెచ్ ఉండదు, అది పాపకి చూపించండి. నాలుగోది లోతు కొలవటం, ఇది క్రియ. డీప్ అని రాయటం మాత్రం కాస్త జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే డీప్ అనేది సౌండ్ స్లీప్‌కి సరిపోద్ది గానీ లోతు కొలవటానికి సరిపోదు, దానికి సినానిమ్ ఫాథమ్, ప్రోబ్, ప్లంబ్.

కాబట్టి పరీక్షలో సౌండ్ కనపడగానే ఆ వాక్యంలో దాని పక్కనేముందో చూడమనండి. పక్కన నామవాచకం ఉండి దానికి ఇది విశేషణంగా నిలబడితే దాదాపు ఎప్పుడూ ఆరోగ్యం కుటుంబమే, అప్పుడు హెల్దీ, రిలయబుల్, వాలిడ్, సాలిడ్, స్టేబుల్ ఇట్టాంటివి చూడాలి. అయితే సౌండ్ ఇంజినీర్, సౌండ్ సిస్టమ్ లాంటి జంట మాటలు మాత్రం చప్పుడు కిందకే వస్తాయి. యాంటనిమ్ అడిగినా ఇదే కిటుకు, చప్పుడుకైతే సైలెన్స్, రెండోదానికైతే అన్‌సౌండ్, లేదంటే ఫ్లాడ్, షేకీ. నాయిస్‌కి, హెల్దీకి మధ్య పాప అయోమయపడటంలో ఆమె తప్పేం లేదు.

ప్రశ్న: సార్, నేను ఒంగోల్లో డిప్లొమా సివిల్ చదువుతున్నా. ల్యాబ్‌లో సిమెంటుకి సౌండ్‌నెస్ టెస్ట్ అని చేయించారు. ఎక్కడా చప్పుడు రాలేదు, ఉడకబెట్టి స్కేలుతో కొలిచాం అంతే. వైవాలో దీన్ని సౌండ్‌నెస్ అని ఎందుకంటారు అని అడిగితే క్లాసులో ఎవరికీ నోరు పెగల్లేదు. – విద్యార్థి, ఒంగోలు

జవాబు: మంచి ప్రశ్న తమ్ముడూ, చాలామంది ఇంజినీర్లు కూడా దీన్ని ఆలోచించకుండానే పాసైపోతారు. పైన చెప్పిన రెండో కుటుంబం ఇది, ఆరోగ్యంగా, పగుళ్ళు లేకుండా ఉండటం. సిమెంటు గట్టిపడ్డాక దాని ఒళ్ళు పెరగకూడదు. లోపల కలవకుండా మిగిలిపోయిన సున్నం గానీ మెగ్నీషియా గానీ ఉంటే అది గట్టిపడ్డాక నిదానంగా నీళ్ళు తాగి ఉబ్బుద్ది, ప్లాస్టరింగు బీటలిస్తది. అట్టాంటి సిమెంటుని అన్‌సౌండ్ అంటారు.

నువ్వు వాడిన ఆ చీలిక ఉన్న ఇత్తడి మౌల్డు, దానికి రెండు పొడుగాటి సూదులు, దాన్నే లే షాట్లియే మౌల్డు అంటారు, మన కాలేజీల్లో లీ చాట్లియర్ అనేస్తుంటారు, ఆయన ఫ్రెంచి కెమిస్టు. 30 మిల్లీమీటర్ల అడ్డం, 30 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటది. సిమెంటు ముద్ద నింపి, 27 డిగ్రీల నీళ్ళల్లో 24 గంటలు ఉంచి, సూదుల మధ్య దూరం కొలుస్తారు, తర్వాత 3 గంటలు మరగబెట్టి, చల్లారాక మళ్ళా కొలుస్తారు. ఏళ్ళ తరబడి జరగాల్సిన ఉబ్బుని ఆ మరిగే నీళ్ళు మూడు గంటల్లో బయటపెట్టేస్తాయి. మామూలు ఓపీసీ (ఆర్డినరీ పోర్ట్‌లాండ్ సిమెంట్) రకానికి తేడా 10 మిల్లీమీటర్లు దాటకూడదు. ఈ పద్ధతి సున్నం వల్ల వచ్చే ఉబ్బుని పట్టుకుంటది గానీ మెగ్నీషియాని పట్టుకోదు, దానికి బాగా ఒత్తిడి మీదున్న ఆవిరిలో పెట్టి చూసే ఆటోక్లేవ్ టెస్ట్ కావాలి. వైవాలో ఈ ముక్క చెప్తే ఎగ్జామినర్ ఇంకో ప్రశ్న అడగడు.

ఇందులో ఓ విచిత్రం ఉంది, చెప్పకుండా ఉండలేను. ఇటుకకి కూడా సౌండ్‌నెస్ టెస్ట్ ఉంది, దాన్ని మాత్రం నిజంగా చప్పుడుతోనే చేస్తారు. రెండు ఇటుకలు చేతుల్లోకి తీసుకుని ఒకదానికొకటి తాటిస్తే ఖంగుమని మోగాలి, పగలకూడదు. సరిగ్గా కాలని ఇటుక, లోపల చీలికున్న ఇటుక దబ్బుమంటది. కుండ కొనేటప్పుడు మన ఆడోళ్ళు వేలి కణుపుతో కొట్టి చూస్తారే, మార్కాపురం పలకరాయిని కొట్టి చూసినా అంతే, నికార్సైన పలక ఖంగుమంటది, బీటున్నది మూగబోద్ది. అంటే ఒకటో సౌండ్ వినబడితే రెండో సౌండ్ ఉన్నట్టు లెక్క. పుట్టుకలో ఏ సంబంధమూ లేని రెండు మాటలు ఇటుకబట్టీ కాడ చేతులు కలిపినయ్యి.

ప్రశ్న: అయ్యా, మా నాయనకి 80 దాటాయి, చెవులు సరిగ్గా వినపడవు. వీలునామా రాయిద్దామని పోతే, ఇంగ్లీషు ముసాయిదాలో సౌండ్ మైండ్ అని ఉందని, వినపడనాయన రాసింది రేపు చెల్లదంటారేమో అని మా బావ పేచీ పెడతా ఉండాడు. నిజమేనా? – కావలి నుంచి ఒక రైతు

జవాబు: లేదండీ, మీ బావగారికి ఈ పేజీ చూపించండి. సౌండ్ మైండ్ అంటే స్థిరచిత్తం, తెలుగు దస్తావేజుల్లో స్థిరబుద్ధితో, పూర్తి స్పృహతో అని రాసేది దానికే. వినికిడితో పనిలేదు. 1925 నాటి ఇండియన్ సక్సెషన్ యాక్ట్ 59వ సెక్షన్‌లో మైనరు కాకుండా సౌండ్ మైండ్ ఉన్న ఎవరైనా వీలునామా రాయొచ్చని ఉంది, దాని కింద వివరణలోనే చెవిటివాళ్ళు, మూగవాళ్ళు, చూపులేనివాళ్ళు కూడా తాము చేస్తున్న పనేందో తెలుసుకోగలిగితే చాలు, రాయటానికి అడ్డం లేదని విడిగా చెప్పారు. సంతకం చేసేటప్పుడు ఇద్దరు సాక్షులుండాలి, అది మరిచిపోబాకండి. మీ నాయనకి రాసిందంతా అర్థమయ్యేలా నిదానంగా చదివి వినిపించో, చూపించో చెప్పించండి, అది చాలా ముఖ్యం.

కాంట్రాక్టులకైతే 1872 చట్టంలో 12వ సెక్షన్ మొత్తం సౌండ్ మైండ్ అంటే ఏంటో చెప్పటానికే ఉంది. తాను చేస్తున్న ఒప్పందం అర్థం చేసుకుని, దానివల్ల తనకి లాభమో నష్టమో బేరీజు వేసుకోగలిగితే అదే సౌండ్ మైండ్. అదీ ఆ ఒప్పందం చేసుకునే సమయానికి ఉంటే చాలు. ఇంత తేటగా రాసిన చట్టం ఉండి కూడా ఒక్క మాట అర్థంకాక పెద్దాయన కోరిక ఆగిపోకూడదు, అందుకే ఇంత వివరంగా చెప్తున్నా.

ప్రశ్న: మాది కొత్తపట్నం సార్. మా నాయన వాళ్ళ బోటుకి ఎకో సౌండర్ బిగించుకున్నారు. మా తాత మాత్రం ఇప్పటికీ తాడేసి ఇన్ని బారల లోతు అంటాడు. ఆ మిషను సౌండ్ పంపుద్ది కాబట్టే సౌండర్ అని పేరు పెట్టారా? – డిగ్రీ విద్యార్థి

జవాబు: ఎవరికైనా అట్టానే అనిపిస్తది నాయనా, కానీ ఆ పేరు మిషను కన్నా చాలా పాతది. మీ తాత చేసే పనే సౌండింగ్. ఇది నాలుగో కుటుంబం, ఫ్రెంచి వాళ్ళ సోందే అనే మాట నించి వచ్చింది, నీళ్ళల్లోకి దించి లోతు చూడటం అని అర్థం. పాత ఓడల్లో తాడుకి సీసం గుండు కట్టి వదిలేవాళ్ళు. ఆ గుండు అడుగున చిన్న గుంట ఉండేది, దాంట్లో పశువుల కొవ్వు మెత్తేవాళ్ళు, పైకి లాగితే ఆ కొవ్వుకి ఇసకో, బురదో, గవ్వ ముక్కలో అంటుకుని వచ్చేవి, దాంతో లోతే కాదు, అడుగు ఎట్టాంటిదో, లంగరు పట్టుద్దో లేదో తెలిసేది. తాడు మీద లెక్క ఫాథమ్‌లలో ఉండేది. ఫాథమ్ అంటే 6 అడుగులు, ఆ మాటకి మూలార్థం చాపిన రెండు చేతులు. మీ తాత బార అనేదీ అదే గదా, రెండు చేతులు చాపితే ఈ వేలి కొస నించి ఆ వేలి కొస దాకా. ఎక్కడి ఇంగ్లీషు ఓడ, ఎక్కడి కొత్తపట్నం, తాడు లాగేవాడికి కొలత తన చేతుల్లోనే ఉంటది, అందుకే ఇద్దరి లెక్కా ఒకటే అయింది.

అమెరికా రచయిత మార్క్ ట్వేన్ పేరు వినుంటావు, ఆయన అసలు పేరు శామ్యూల్ క్లెమెన్స్, మిసిసిపీ నది మీద స్టీమర్ నడిపాడు. మార్క్ ట్వేన్ అంటే తాడు మీద రెండో గుర్తు, అంటే రెండు ఫాథమ్‌లు, 12 అడుగులు, పడవకి ఫర్వాలేదు పొమ్మని సౌండింగ్ వేసేవాడు అరిచే కేక అది.

ఇక మీ బోటులో మిషను సంగతి. అది కిందకి చప్పుడు పంపి అడుగు తగిలి తిరిగొచ్చేదాకా పట్టిన టైము లెక్కేస్తది. సముద్రపు నీళ్ళల్లో చప్పుడు సెకనుకి దాదాపు 1500 మీటర్లు పోద్ది, గాల్లో అయితే 340 చిల్లరే. సెకనులో 50వ వంతులో చప్పుడు తిరిగొచ్చిందనుకో, అది పోయి వచ్చిన దూరం 30 మీటర్లు, కాబట్టి లోతు 15 మీటర్లు, మీ తాత లెక్కలో 8 బారల పైచిలుకు. లోతు కొలిచే సౌండ్ పని ఇక్కడికొచ్చేసరికి చప్పుడు సౌండ్ చేతికి పోయింది, పేరు మాత్రం మార్చాల్సిన అవసరమే రాలేదు.

ఇదే మాట ఆకాశంలోకి కూడా పోయింది. సౌండింగ్ రాకెట్ అంటే పెద్ద మోత చేసే రాకెట్ అని చాలామంది అనుకుంటారు, కాదు, పై గాలి పొరల్ని కొలిచొచ్చే రాకెట్. మన తీరంలోనే, అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోట నించి 1971 అక్టోబర్ 9న మొదట ఎగిరింది అదే, రోహిణి ఆర్‌హెచ్ 125, ఆ 125 దాని అడ్డం కొలత, మిల్లీమీటర్లలో. వాతావరణశాఖ వాళ్ళు బెలూనుకి కట్టి వదిలే రేడియోసాండ్‌లో సాండ్ కూడా ఇదే. ఎవరినైనా సౌండ్ అవుట్ చేయటం అంటే మనసులో ఏముందో కదిలించి చూడటం, ఆరా తీయటం. పెళ్ళి సంబంధం నేరుగా అడక్కముందు పెద్దమనిషిని పంపి వాళ్ళ ఉద్దేశం కనుక్కుంటాం చూడు, అది.

ప్రశ్న: మా అబ్బాయి సియాటిల్‌లో ఉంటాడు. ఇంటి ముందు ప్యూజెట్ సౌండ్ అంటాడు. అలల మోతకి పెట్టిన పేరా? – నెల్లూరు

జవాబు: కాదండీ, మూడో కుటుంబం. పాత నార్స్ భాషలో సుండ్ అంటే ఈత, ఈదగలిగినంత నీటి పాయ, ఇంగ్లీషు స్విమ్‌కి చుట్టం. డెన్మార్క్, స్వీడన్ మధ్య ఉన్న ఓరెసుండ్‌లో చివరి సుండ్ అదే. మీ అబ్బాయి ఇంటి ముందున్న పాయకి 1792లో జార్జ్ వాంకూవర్ అనే కెప్టెన్ తన లెఫ్టినెంట్ పీటర్ ప్యూజెట్ పేరు పెట్టాడు.

ప్రశ్న: నేను పొదిలి దగ్గర హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తాను. సౌండ్, నాయిస్ తేడా పిల్లలకి ఎలా చెప్పాలి? చప్పుడుకి ఉన్న సినానిమ్స్ కూడా కాస్త తెలుగులో పట్టుకునేలా చెప్పండి. – టీచర్

జవాబు: మేడం, సౌండ్ అనేది మంచీచెడూ లేని మాట, చెవినపడే ప్రతిదీ సౌండే. నాయిస్ అనగానే అక్కర్లేని చప్పుడు అనే విసుగు అందులో కలిసిపోద్ది. చట్టం కూడా అందుకే 2000 సంవత్సరంలో తెచ్చిన రూల్స్‌కి నాయిస్ పొల్యూషన్ రూల్స్ అని పేరు పెట్టింది, ఇళ్ళ మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నించి పొద్దున 6 దాకా 45 దాటకూడదంటది, బడికీ ఆసుపత్రికీ కోర్టుకీ చుట్టూ కనీసం 100 మీటర్లని సైలెన్స్ జోన్‌గా ప్రకటించొచ్చు. మీ స్కూలు పక్కన పెళ్ళికి డీజే పెట్టినోడికి అది మ్యూజిక్, పరీక్ష రాసే పిల్లకాయలకి నాయిస్. ఆ ఒక్క ఉదాహరణ చాలు క్లాసులో.

టోన్ అంటే ఆ చప్పుడు తీరు, గొంతులోని ధోరణి. మనిషి గొంతుకి వాయిస్ అనాలి, ఆమె సౌండ్ బాగుంది అని మనోళ్ళు అనేస్తుంటారు, అది రాతలో వద్దు. డిన్, రాకెట్ రెండూ చెవులు చిల్లులు పడే రొద, రాకెట్ అని తెలుగులో రాస్తే ఆకాశంలోకి పోయేదానితో కలుస్తది కాబట్టి బోర్డు మీద రెండు స్పెల్లింగులూ పక్కపక్కన రాయండి. క్లామర్ అంటే జనం కేకలు, గోల.

చిన్న చప్పుళ్ళకి మాత్రం పుస్తకం మూసేసి వాటిని చేసి చూపించండి మేడం. తెలుగులో మనకి ఎన్ని చప్పుళ్ళున్నాయో అన్ని అనుకరణ మాటలున్నాయి, పిల్లకాయలకి అవి నోట్లోనే ఉంటాయి. బియ్యం బస్తా ధబ్బున పడితే థడ్. వంటింట్లో గిన్నెలు దడదడమంటే క్లాటర్. ఎండుటాకులు గలగలా కదిలితే, కొత్త చీర గరగరలాడితే రస్టిల్. తలుపు కిర్రుమంటే క్రీక్. దూరాన మబ్బు గుడగుడలాడితే రంబుల్. దోమ గుయ్యిమంటే బజ్, ఫ్యాను సన్నగా ఒకే తీరున మోగుతుంటే హమ్. ఎద్దుల మెడలో చిరుగంటలు గణగణమంటే జింగిల్, అదే ఇంకా సన్నగా మువ్వల చప్పుడైతే టింకిల్. ఒంగోలు ఎద్దుల పందేలు చూసిన పిల్లకాయలకి ఈ తేడా అట్టే పట్టుబడుద్ది. అలికిడి, సవ్వడి అనే మన మాటలకి మాత్రం ఇంగ్లీషులో ఒక్క మాటతో పని కాదు, ఫెయింట్ సౌండ్ అని రెండు మాటలు వాడుకోవాల్సిందే.

ప్రశ్న: దట్ సౌండ్స్ గుడ్ కరెక్టా, దట్ సౌండ్స్ వెల్ కరెక్టా? – ఇంటర్ విద్యార్థిని, నెల్లూరు

జవాబు: గుడ్ కరెక్టు తల్లీ. ఇక్కడ సౌండ్ అంటే అనిపించటం, విన్నదాన్నిబట్టి తోచటం. సీమ్, లుక్ లాగే దీని వెనక విశేషణం రావాలి, వెల్, నైస్‌లీ లాంటివి రావు. ఈ అర్థంలో ఐయామ్ సౌండింగ్ అని సాగదీయటం కన్నా ఉత్త సౌండ్, సౌండ్స్ అని వాడటమే మామూలు. ఊరి నించి అమ్మ ఫోన్ చేసి, గొంతేంది అట్టుండాది, సరిగ్గా తినట్లేదా అని అడుగుద్ది చూడు, ఇంగ్లీషులో అది యూ సౌండ్ టైర్డ్. టైర్డ్‌లీ అని రాస్తే మార్కు పోద్ది.